తొమ్మిదో పేజీలో కొట్టేసిన గుర్రం

మా నాన్న జన్మలో గుర్రం ఎక్కలేదు. అయినా గట్టు గుర్రాల గురించి ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదని చుట్టుపక్కల అందరూ ఒప్పుకునేవారు. బడిలో పాఠాలు చెప్పి రాగానే శాల ముందు చేతుల కుర్చీ వేయించుకునేవారు. ఒళ్లో రిజిస్టరు, జేబులో రెండు పెన్నులు. అమ్మ కళ్లెం పట్టుకుని గుర్రాన్ని తెచ్చి ఆయనకు ఎదురుగా నిలబెట్టేది. ఆయన తలెత్తి చూడటం, తల దించి రాయడం. రంగు, నుదుటి మచ్చ, సుడులు, నాలుగు కాళ్లలో ఏ కాలికి తెలుపుంది. ఒక్కో గుర్రానికి ముప్పావు గంట పట్టేది. విసుగొచ్చి గుర్రం ఆవులించేది గానీ ఆయన మాత్రం కదిలేవారు కాదు.

ఇప్పుడు ఆ రిజిస్టరూ ఆ కుర్చీ నావి. నాకు యాభై ఏళ్లు, నడుం నొప్పి, ముక్కు మీద కోపం. నేనూ గుర్రం ఎక్కను. పదకొండేళ్ల క్రితం నాన్న పోయాక గట్టు గుర్రాల సంఘానికి కార్యదర్శిగా నన్ను కూర్చోబెట్టారు. నిజంగానే ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. నాన్న ఎలా రాశారో నేనూ అలాగే రాస్తూ వచ్చాను, ఒక్క అక్షరం తేడా లేకుండా. దాన్ని గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

గట్టు గుర్రం పొట్టిది, బురదరంగుది. జూలు నుంచి తోక దాకా వీపు మీద నల్లటి చార ఉంటుంది. అందానికి దాన్నెవరూ మెచ్చుకోరు. కానీ మనిషి చేతులూ కాళ్లూ కలిపి పాకాల్సిన వాలు మీద రెండు బస్తాలతో తాపీగా ఎక్కిపోతుంది. అలాంటి గుర్రాలు లోకంలో ఇప్పుడు డెబ్బై ఏడు. మా పుస్తకంలో ముప్పై నాలుగు ఆడవి, రెండు మగవి. లోయకు అవతల మా మేనమామ పుస్తకంలో ముప్పై ఎనిమిది ఆడవి, మూడు మగవి.

రెండు పుస్తకాలెందుకని అడుగుతారు. పుస్తకంలో పేరెక్కాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ అదే పుస్తకంలో ఉండాలి. మా దృష్టిలో వాళ్ల గుర్రాలన్నీ దొంగ పుట్టుకవి. వాళ్ల దృష్టిలో మావి మాస్టారి కాగితపు గుర్రాలు. అందుకని ముప్పై ఒక్క ఏళ్లుగా వాళ్ల మగ గుర్రం నీడ కూడా మా ఆడ గుర్రాల మీద పడనివ్వలేదు. ఫలితం మా శాలలోనే కనిపిస్తోంది. మాకున్న రెండు మగ గుర్రాలూ ఒకే తండ్రి బిడ్డలు. మా ఆడ గుర్రాల్లో సగానికి పైగా వాటికి చెల్లెళ్లో కూతుళ్లో అవుతాయి. కిందటేడు ఐదు పిల్లలు పుడితే మూడు లేచి నిలబడలేదు. మూడోది నా ఆడ గుర్రం గోధుమ కన్నది. గోధుమ దాన్ని రెండు రోజులు నాకుతూనే ఉంది. ఆ రెండు రోజులూ నేను శాలలోంచి కదల్లేదు.

అలాంటి సమయంలో పశువుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తెచ్చింది కొత్తగా వచ్చిన గుర్రాల డాక్టరమ్మ. ముప్పై నిండని పిల్ల, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు.

"మీరే చదవండి అమ్మగారూ. నేను చెబితే నా మీద అరుస్తారు" అంది.

చదివాను. ఒకే జాతికి రెండు పుస్తకాలుంటే ఆఫీసు దేన్నీ నమ్మదట. నెలాఖరులోగా రెండు సంఘాలూ కలిసి, ఇద్దరి సంతకాలతో ఒకే పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోతే గట్టు గుర్రం అనే పేరు జాబితాలోంచి తీసేస్తారు. జాబితాలో లేని మగ గుర్రాలను ఉమ్మడి మేత నేలల్లో వదలాలంటే విత్తులు తీయించాల్సిందే.

"ఐదింటికీనా?" అన్నాను.

"ఐదింటికీ. తీయాల్సింది నేనే. నాకు నిద్ర పట్టడం లేదు" అంది డాక్టరమ్మ. ఆ పిల్ల మీద అరుద్దామని తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ పూటే నిర్ణయించుకున్నాను. ఎవరి కాళ్లు పట్టుకోవాల్సి వచ్చినా సరే, నెలాఖరుకు ఒక్క పుస్తకమే ఉండాలి. గోధుమకు అవతలి గట్టు రక్తం దొరకాలి. మళ్లీ ఒక పిల్ల లేవలేక పడి ఉండటం నా కళ్లతో చూడను.

అసలు గొడవేమిటో చెప్పాలి. అప్పట్లో సంఘం ఒకటే, పుస్తకం ఒకటే. నాన్న రాసేవారు, మా మేనమామ గుర్రాలను చూసుకునేవాడు. మామయ్య తెల్లారి లేస్తే జీను మీదే. నాన్న కుర్చీలో రాస్తే, మామయ్య జీను మీద కూర్చునే తన చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు. బావా బావమరుదులు పాలూ నీళ్లలా ఉండేవారు.

మబ్బు అని ఒక మగ గుర్రం ఉండేది. వెనక కాళ్లలో ఒక్కదానికే తెలుపు. మామయ్య దాన్ని ఒక ఏడాది లోయ అవతల ఆడ గుర్రాల మధ్య వదిలి, మళ్లీ తోలుకొచ్చాడు. బయటికి వెళ్లి వచ్చిన ప్రతి గుర్రాన్నీ పుస్తకంతో సరిచూడాలని నాన్న పెట్టిన నియమం. సరిగ్గా ఆ వారం నాన్నకు కామెర్లు. మంచం దిగలేని స్థితి. బడిలో లెక్కలు చెప్పే ఆయన మిత్రుణ్ని పంపారు. ఆయన శాలలోకి వెళ్లి మబ్బు పక్కన నిలబడి చూసి వచ్చి, "మాస్టారూ, మీ పుస్తకంలో తెలుపు ఎడమ వెనక కాలికని ఉంది. ఆ గుర్రానికి కుడి కాలికుంది" అన్నాడు.

నాన్న మంచం మీదే లేచి కూర్చున్నారు. మబ్బును ఎవరికో ఇచ్చేసి, దానిలాంటి మరో గుర్రాన్ని మామయ్య తెచ్చాడన్నారు. మామయ్య నోటుపుస్తకం చూపించాడు. అందులో మొదటి నుంచీ కుడి అనే ఉంది. నిన్న కూర్చుని కొత్తగా రాశావన్నారు నాన్న. నువ్వే పుస్తకం దిద్ది నన్ను వెళ్లగొడుతున్నావన్నాడు మామయ్య. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. తలుపు పక్కన నిలబడి అంతా విన్నాను. "జన్మలో మళ్లీ ఆ కుర్చీ ముందు నా గుర్రాన్ని నిలబెట్టను" అని మామయ్య వెళ్లిపోయాడు. నాన్న తొమ్మిదో పేజీలో మబ్బు పేరు మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశారు. మబ్బు సంతానమంతా ఆ గీత కింద పోయింది. ఆ సంతానంతోనే మామయ్య తన పుస్తకం మొదలుపెట్టాడు.

అమ్మ ఆ రోజు నుంచి తమ్ముడి గడప తొక్కలేదు. తమ్ముడి పేరెత్తితే ముఖం తిప్పుకునేది. ముఖం తిప్పుకుని ఏం చేసేదో నాకు తెలుసు.

మామయ్యతో నేరుగా మాట్లాడే ధైర్యం నాకు లేదు. ఆయన కొడుకు దగ్గరికి వెళ్లాను. బావ జీనులు కుడతాడు. చిన్నప్పటి నుంచీ నేనతన్ని జీనుబావ అనేదాన్ని. అతని కొట్టులో తోలు వాసన, మైనం వాసన. మోకాళ్ల మధ్య చెక్క పట్టుకారులో తోలు బిగించి, రెండు చేతుల్లో రెండు సూదులతో ఎదురెదురుగా కుడుతున్నాడు. తలెత్తి చూసి సూదులు ఆపలేదు.

"ఎవరూ, కార్యదర్శి గారా! దారి తప్పారా?"

"దారి బాగానే గుర్తుంది. కాళ్లే రానన్నాయి" అన్నాను.

"ఇప్పుడెలా వచ్చాయి?"

"కాగితం మీక్కూడా వచ్చిందిగా. అందుకని వచ్చాయి."

సూదులు ఆపాడు. కాగితం అతని ముందున్న బల్ల మీదే ఉంది, దాని మీద మైనం ముద్ద పెట్టి ఉంది. "నాన్న ఒప్పుకోడు" అన్నాడు.

"మా నాన్నా ఒప్పుకునేవారు కాదు. అందుకే మనిద్దరం మాట్లాడుకుంటున్నాం. మీ మూడు మగ గుర్రాలూ మీకు ముద్దేగా? వాటి సంగతేంటి?"

అతని ముఖం మారింది. "ముద్దా? పెద్దదాన్ని నా చేతుల్లో పెంచాను. తల్లి పాలివ్వకపోతే సీసాతో పట్టాను" అన్నాడు. దారానికి మైనం రాస్తూ, "నువ్వు మారలేదు. తిట్టడానికొచ్చినట్టే వచ్చి అడుక్కుంటావ్" అన్నాడు. అప్పటిదాకా మీరు మీరు అనుకున్నాం. ఆ మాటతో అది పోయింది.

ఇద్దరం కలిసి ఒక ఉపాయం ఆలోచించాం. ముందు పది గుర్రాలు, చెరి ఐదు, పశువుల ఆసుపత్రి ఆవరణలోకి తేవాలి. రెండు సంఘాలూ పదింటినీ విడివిడిగా చూసి రాసి, కవర్లలో పెట్టి అంటించి ఇవ్వాలి. పది వివరాలూ కలిస్తే, కలిసి రాయగలమని ఆఫీసుకు నమ్మకం కుదురుతుంది. ఒకళ్లది ఒకళ్లు చూసి రాయకుండా, మేము చూసేటప్పుడు వాళ్లు గేటు బయట, వాళ్లు చూసేటప్పుడు మేము బయట. ఆ షరతు పెట్టింది నేనే. ఎంత తెలివైనదాన్నో తర్వాత తెలిసింది.

ఆ రోజు నాన్న కుర్చీ బండిలో పెట్టుకుని వెళ్లాను. పొద్దుట మేము, మధ్యాహ్నం వాళ్లు. డాక్టరమ్మను ఎక్కడో ఈనలేకపోతున్న ఆవు దగ్గరికి పిలిచారు. కవర్లు కాంపౌండరు తీసుకుని బీరువాలో పెట్టాడు. గుర్రాలు ఎవరి శాలకు అవి వెళ్లిపోయాయి.

మర్నాడు శుక్రవారం. డాక్టరమ్మ తన గదిలో కవర్లు చింపింది. బల్లకు ఇటు నేను, అటు జీనుబావ. రంగులు కలిశాయి. నుదుటి మచ్చలు కలిశాయి. వయసు కూడా పదింటికీ కలిసింది. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ గొంతు చిన్నదైపోయింది. ఏడు గుర్రాలకు తెల్లకాళ్లు కలవలేదు. మేము ఎడమ అన్నచోట వాళ్లు కుడి అన్నారు. మిగతా మూడు ఎందుకు కలిశాయంటే, వాటికి అసలు తెల్లకాళ్లే లేవు.

"చూశారా! కళ్లెదురుగా ఉన్న కాలిని కూడా మార్చి రాస్తారు. తాత ముత్తాతల సంగతి ఇంక చెప్పాలా!" అని నేను ఒంటికాలి మీద లేచాను.

"మార్చింది ఎవరు? మీ నాన్న నేర్పిన విద్యేగా!" అన్నాడు జీనుబావ.

"మా నాన్న మాటెత్తితే మర్యాదగా ఉండదు!"

"మా నాన్నను ముప్పై ఏళ్లు దొంగన్నారు, అది మర్యాదా?"

డాక్టరమ్మ చేత్తో బల్ల చరిచింది. అంత చిన్న పిల్లకు అంత గొంతుందని తెలియదు. "ఇద్దరూ బయటికి నడవండి. సోమవారం నేనే వచ్చి ఏడు గుర్రాలనూ చూస్తాను. ఎవరు తప్పు రాశారో, వాళ్ల పుస్తకం దొంగ పుస్తకమని ఆఫీసుకు రాసేస్తాను. ఇంక నా దగ్గర వేరే దారి లేదు" అంది.

నేను ధీమాగానే ఇంటికి వచ్చాను. రానీ, చూడనీ. మా పుస్తకంలో తప్పుండదు.

శనివారం పొద్దున లాడాల తాత వచ్చాడు. నలభై ఐదేళ్లుగా లోయకు ఇటూ అటూ గుర్రాలన్నిటికీ లాడాలు కొట్టేది ఆయనొక్కడే. రెండు వాకిళ్లకూ మొహమాటం లేకుండా వెళ్లేవాడు ఆయనొక్కడే. గోధుమను వాకిట్లో కట్టాం. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని సోమవారానికి కాగితాలు సర్దుకుంటున్నాను.

"తాతా, ఎడమ వెనక కాలి లాడం వదులైంది, చూడు" అన్నాను.

తాత గోధుమ వెనక్కి వెళ్లి కాలెత్తి తొడల మధ్య పెట్టుకున్నాడు. పాత మేకులు పీకుతూ తనలో తాను గొణుక్కున్నాడు. "కుడి వెనకది, రెండు మేకులు పోయాయి."

"ఎడమ అన్నాను కదా తాతా! చెవులు కూడా పోయాయా?" అని కస్సుమన్నాను. నా బుర్రంతా శుక్రవారం గొడవే.

తాత కాలు దించకుండానే నా వైపు చూశాడు. "మీరు ఎడమే అన్నారమ్మా. వదులైంది ఇదే. మీ ఇంట్లో ఎడమంటే కుడి కాలే కదా."

"అదేంటి?"

"అదేంటంటే ఏం చెప్పను? మాస్టారు కుర్చీలో కూర్చుని ఎడమ అంటే నేను కుడి కాలెత్తేవాణ్ని, కుడి అంటే ఎడమ ఎత్తేవాణ్ని. మీరూ అంతే. మొదట్లో రెండుసార్లు తప్పు కాలెత్తి తిట్లు తిన్నాను, తర్వాత అలవాటైపోయింది. మీకు గుర్రం ఎదురుగా ఉంటుంది కదమ్మా. మీ ఎడమ చేతి వైపున్నది దాని కుడి కాలు."

ఒళ్లోని కాగితాలు జారి కింద పడ్డాయి. లేచి గోధుమ దగ్గరికి నడిచాను. దాని భుజం పక్కన, అది చూస్తున్న వైపే చూస్తూ నిలబడ్డాను. కుడి చెయ్యి ఎత్తాను. తాత పట్టుకున్న కాలు అటే ఉంది. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి నిలబడి చూశాను, పలకాబలపం పట్టిన పిల్లలా. గుర్రం ఎక్కేవాళ్లకు అది ఊపిరి పీల్చినంత మామూలు సంగతి. కుర్చీలో కూర్చుని చూసేవాళ్లకు ఒక జీవితం చాలలేదు.

"తాతా, మబ్బు గుర్తుందా?" అన్నాను.

"మబ్బు గుర్తు లేకపోవడమేంటి! ముందు గిట్ట లోపలి వైపుకి వంకర. దానికి లాడం విడిగా కొట్టి వంచాల్సొచ్చేది."

"లోయ అవతలికి వెళ్లి వచ్చాక, తిరిగొచ్చింది అదే గుర్రమా?"

"అదే. వచ్చిన మర్నాడే లాడాలు మార్చాను. అదే వంకర గిట్ట, అదే పొగరు, నా చొక్కా కొరికింది."

"మరి ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు?"

తాత కాలు దించి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "నన్నెవరూ అడగలేదమ్మా. బావా బావమరుదులు అంతలా తిట్టుకుంటుంటే, అది గుర్రం కాలి గురించని ఎవరనుకుంటారు?"

ఇంట్లోకి వెళ్లి రిజిస్టరు తెరిచాను. తొమ్మిదో పేజీ. ఎర్ర గీత. గీత కింద నాన్న ముత్యాల్లాంటి అక్షరాలు: తెలుపు, ఎడమ వెనక కాలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండు వందల పన్నెండు గుర్రాలు. మొదటి నూట అరవై నాన్న చేతిరాత, మిగతావి నావి. అన్నీ అద్దంలో చూసి రాసినట్టు తిరగబడి ఉన్నాయి. నాన్న మీద ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. నా సంగతి ఇంకా ఘోరం. పదకొండేళ్లుగా కమిటీలో, బజారులో, ఆసుపత్రిలో మామయ్యను దొంగ అని నోరు పారేసుకున్నదాన్ని నేను.

చెడ్డ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. బీరువాలో ఖాళీ రిజిస్టరు ఒకటుంది. ఈ రెండు రోజులూ కూర్చుంటే రెండు వందల పన్నెండూ ఎడమను కుడి చేసి, కుడిని ఎడమ చేసి కొత్తగా రాసేయొచ్చు. పాతది పొయ్యిలో పడేసి, కవర్లో మాత్రం కంగారులో తారుమారు చేశానని చెబితే సోమవారం నాటికి డాక్టరమ్మకు అన్నీ సరిపోతాయి. మాస్టారి పేరు నిలబడుతుంది. మామయ్య మాత్రం దొంగగానే ఉండిపోతాడు. పెన్ను తీశాను కూడా.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు మొరాయిస్తాయి గానీ చెవులు బ్రహ్మాండం. వాకిట్లో మాటలన్నీ విన్నట్టుంది.

"కామెర్లు తగ్గాక కూడా వెళ్లలేదు మీ నాన్న" అంది, గోడకు ఆనుకుని. "ఒక్కసారి వెళ్లి మీ కళ్లతో చూడండి అన్నాను. పుస్తకం చూశాను చాలు అన్నారు. కళ్లెం పట్టుకుని నిలబడింది నేనే. గుర్రం పక్కన నిలబడ్డదాన్ని, నాకైనా తట్టలేదు. ఆయన రాసింది నేను ఒక్కసారీ చదవలేదు."

"ఏం చెయ్యమంటావమ్మా?"

అమ్మ నా చేతిలో పెన్ను వైపు, కొత్త రిజిస్టరు వైపు చూసింది. దేని గురించి ఆలోచిస్తున్నానో ఆమెకు తెలిసిపోయింది. తిట్టలేదు.

"ఆ కుర్చీ రేపు పొద్దున్నే బండిలో పెట్టించు. పాత పుస్తకం కూడా పెట్టు. నేనూ వస్తున్నా" అంది.

ఆదివారం ఎండ ఎక్కకముందే మామయ్య వాకిట్లో బండి ఆపాం. ఆయనకు డెబ్బై ఐదేళ్లు. ఇప్పటికీ రోజూ గుర్రం ఎక్కుతాడు, కాకపోతే ఎక్కడానికి ఒక రాయి వేయించుకున్నాడు. ఆ రాయి మీద కూర్చుని జీను పట్టీలకు నూనె రాస్తున్నాడు. పక్కన జీనుబావ. బండిలో కుర్చీ చూడగానే మామయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ కుర్చీ నా వాకిట్లో దిగడానికి వీల్లేదు."

ముందు సీటులోంచి అమ్మ ఒక్కో కాలూ కిందికి దింపింది. "దించకపోతే నేనెక్కడ కూర్చోనురా? నాకు మోకాళ్ల నొప్పులు. నీ రాయి మీద కూర్చోమంటావా?"

మామయ్య చేతిలోని పట్టీ కింద పడింది. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత అక్క గొంతు విన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు. జీనుబావ గబగబా వచ్చి కుర్చీ దింపాడు. అమ్మ మాత్రం కూర్చోలేదు.

నేను ఆలస్యం చెయ్యదలచుకోలేదు. ఆలస్యం చేస్తే నా ధైర్యం ఎంతసేపుంటుందో నాకే తెలియదు. "మామయ్యా, తప్పు మాది" అన్నాను. "మీరు తెచ్చింది మబ్బునే. పుస్తకమే తప్పు. నేనూ తప్పే రాశాను, పదకొండేళ్లు. మిమ్మల్ని నానా మాటలూ అన్నాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ ఒప్పుకుంటాను. కానీ మా నాన్న పుస్తకం దిద్దలేదు. అది మీరు నమ్మాలి. దానికోసమే ఈ కుర్చీ తెచ్చాను."

"దిద్దకపోతే కుడి ఎడమెలా అయింది?" అన్నాడు మామయ్య. గొంతు ఇంకా కరుగ్గానే ఉంది.

"మీ పెద్ద మగ గుర్రాన్ని తెప్పించండి."

జీనుబావ దాన్ని తెచ్చాడు. మబ్బుకు ముని మనవడు, సీసా పాలతో పెరిగింది. దానికీ వెనక ఒక్క కాలికే తెలుపు, ముత్తాత పోలిక. కుర్చీకి ఎదురుగా నిలబెట్టమన్నాను. మామయ్య గబుక్కున చెయ్యి అడ్డం పెట్టబోయాడు. అమ్మ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. చెయ్యి దించేశాడు.

నేను కుర్చీలో కూర్చున్నాను. నాన్న చూసినట్టే తలెత్తి చూశాను. "తెలుపు, ఎడమ వెనక కాలు" అని పైకి చెప్పాను.

"కుడి! కళ్లు కనపడటం లేదా నీకు? అది కుడి కాలు!" అని మామయ్య అరిచాడు.

"అవును, కుడే" అని లేచాను. "ఇప్పుడు మీరొచ్చి కూర్చోండి."

"నేనా?"

"మీరే. ఒక్క నిమిషం కూర్చోండి మామయ్యా. కూర్చుని, ఆ తెల్లకాలు మీ ఏ చేతి వైపుందో చెప్పండి. తర్వాత కుర్చీ విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకోండి, నేనేమీ అనను."

ఆయన చాలాసేపు నిలబడ్డాడు. గుర్రం తల విదిలించింది. చివరికి వచ్చి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ముల్లు మీద కూర్చున్నట్టు అంచున కూర్చున్నాడు. గుర్రాన్ని చూశాడు. తన ఎడమ చేతిని చూసుకున్నాడు. మళ్లీ గుర్రాన్ని చూశాడు. జీవితమంతా గుర్రం చెవుల మధ్య నుంచి లోకాన్ని చూసిన మనిషి. గుర్రాన్ని ఎదురుగా కూర్చుని చూడటం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఎడమ పక్కే ఉంది" అన్నాడు, ఎవరితోనూ కాకుండా. మెల్లగా వెనక్కి జరిగి పూర్తిగా కూర్చున్నాడు. "బావకి ఎడమ పక్కే కనిపించింది. కనిపించిందే రాశాడు."

అమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, నేను దొంగనని పోయేదాకా అనుకున్నాడా?"

"అనుకున్నారు. నువ్వు ఆయన్ని అబద్ధాలకోరు అనుకోలేదా?" అంది అమ్మ.

"అనుకున్నాను. మొన్నటిదాకా అనుకున్నాను." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. చేతికున్న నూనె ముఖానికి అంటింది. "ఆ రోజే గుర్రాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి ఉంటే సరిపోయేది. ఆయన మంచం మీద నుంచే చూసేవాడు. పొగరుతో వెళ్లిపోయాను. ఒక్కసారి వచ్చి ఈ కుర్చీలో కూర్చుని ఉన్నా సరిపోయేది."

అమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, ముఖం మీది నూనె తన కొంగుతో తుడిచింది. "ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది రా నీకు కూర్చోవడానికి" అంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. నేనూ జీనుబావా గుర్రం వైపు తిరిగి నిలబడ్డాం.

డాక్టరమ్మకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మాది దొంగ పుస్తకమని రాస్తావా అని అడిగాను. "రేపు వస్తాను. మీ తప్పు ఎలా జరిగిందో మీరే మీ చేత్తో రాసివ్వండి. దాన్ని కొత్త పుస్తకానికి మొదటి కాగితంగా జతచేస్తాను" అంది. అందరూ చదివేలానా అన్నాను. అందరూ చదివేలానే అంది. సరేనన్నాను.

ఖాళీ రిజిస్టరు బండిలోనే ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు అనుకున్నాను గానీ, తెలిసే తెచ్చాను. మామయ్య కుర్చీలోంచి లేవలేదు. "ఉండనీ, నడుం ఆనుతోంది" అన్నాడు. నేను గుర్రం భుజం పక్కన, అది చూస్తున్న వైపే చూస్తూ నిలబడ్డాను. మొదటి పేజీలో మొదటి పేరు ఏం రాయాలో ఎవరినీ అడగలేదు. మబ్బు అని రాశాను. మామయ్య కుర్చీలోంచి గట్టిగా చెప్పాడు, నేను రాశాను: తెలుపు, కుడి వెనక కాలు. కుడి అంటే గుర్రం కుడి.

సిరా ఆరాక ఇద్దరం సంతకాలు పెట్టాం. తర్వాత దాని ముని మనవణ్ని రాశాం. నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, గుర్రాలు ఇంకా డెబ్బై ఆరు ఉన్నాయి. రెండోదాన్ని తీసుకురమ్మని జీనుబావకు కేకేశాను.